ఒక గీత తక్కువ

2024 ఆగస్టు ఇరవై రెండు, గురువారం ఉదయం. రుషికొండ మీది కేన్సర్ పరిశోధనా కేంద్రంలో డైరెక్టర్ గది. హాజరైనవారు: డైరెక్టర్ డాక్టర్ శివరామకృష్ణ; సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సన్యాసిరాజు; పరిశోధక విద్యార్థిని మహీన్; ఆమె తండ్రి నియమించిన ప్రైవేటు డిటెక్టివ్ గంగాభవాని; లోపలికి రావాలో బయటే ఉండాలో తేలక గడపమీద నిలబడిపోయిన సెక్యూరిటీ గార్డు దాలయ్య. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి, దాని అడుగున సంతకానికి వదిలిన ఖాళీ.

గంగాభవాని కూర్చుంటూనే ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబులో పద్దెనిమిదేళ్లు నెత్తుటి మరకల మీద వంగి పనిచేసిన మనిషి ఆవిడ. ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివితే గానీ మాట్లాడదు. ఆదివారం సాయంత్రం తాను అజాగ్రత్తగా కేన్సర్ కణాల ఫ్లాస్కుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేసినట్టూ, తన పాత ఫలితాలు కూడా నమ్మదగినవి కావనీ, వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టూ మహీన్ ఒప్పుకుంటోంది అందులో. బదులుగా సంస్థ ఆమె మీద కేసు పెట్టదు.

"మధ్యాహ్నం ఎథిక్స్ కమిటీ కూర్చుంటుంది," అన్నాడు శివరామకృష్ణ. గోదావరి జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో స్థిరపడినవాడు, మాట మెత్తన. "ఆలోగా ఈ గొడవ ముగిస్తే అందరికీ మర్యాద. పిల్ల భవిష్యత్తు పాడుచేయడం నాకిష్టం లేదు."

"నా భవిష్యత్తు సంగతి వదిలెయ్యండి సార్," అంది మహీన్. "నాను సంతకం పెడితే ఆ టానిక్కు రేపట్నుంచి పేషెంట్ల నోట్లోకెళ్తాది. దాని సంగతి చెప్పండి."

కోపం వచ్చినప్పుడు మాత్రమే ఆ అమ్మాయి నోట ఆమె పుట్టిన రేవుపేట, వన్ టౌన్, యాస పలుకుతుందని గంగాభవాని ఈ రెండు రోజుల్లోనే కనిపెట్టింది. మిగతా వేళల్లో ఆమె మాట పరిశోధన పత్రంలా ఉంటుంది.

సన్యాసిరాజు మహీన్ పేరున్న ఫైలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. అతని కుడి మణికట్టుకి సోమవారం కట్టిన రాఖీ ఇంకా ఉంది. జరీ అంచు చెమటకి నల్లబడింది. "ఏటమ్మా పాపా, నువ్వు పెట్టకపోతే కేసు కడతాను. ఆదివారం సాయంత్రం ఆరింటికి తలుపు తీసింది నీ కార్డు. పెరాక్సైడ్ సీసా మీద నీ యేలిముద్రలు. ఇంకేటి కావాలి?"

"సీసా నాది సార్. నా వేళ్లు కాకపోతే మీ వేళ్లు ఉంటాయా దాని మీద?"

దాలయ్య నవ్వాపుకోలేక దగ్గాడు. సన్యాసిరాజు అతనికేసి చూసిన చూపుకి ఆ దగ్గు మధ్యలోనే ఆగిపోయింది.

"కొంచెం మొదట్నుంచి వెళ్దాం," అంది గంగాభవాని. "తప్పుంటే నన్ను దిద్దండి. ఒక కంపెనీ మూలికల టానిక్ తయారుచేసింది. రొమ్ము కేన్సర్‌కి కీమో తీసుకునే ఆడవాళ్లకి తోడుగా ఇస్తే బలం వస్తుందంటుంది. మహీన్ మూడు నెలలు పరీక్షించి, ఈ టానిక్ మనిషి కంటే ముందు కేన్సర్ కణానికే బలం ఇస్తుందని తేల్చింది. కమిటీ నమ్మలేదు. మళ్లీ చేసి చూపించమంది. అందుకు పన్నెండు ఫ్లాస్కులు సిద్ధం చేశారు. ఆరు ఫ్లాస్కులకి టానిక్ పెట్టారు, మిగతా ఆరు ఫ్లాస్కులకి పెట్టలేదు. సోమవారం పదింటికి కమిటీ మనిషి ఎదుట ఒకటో నంబరుకి తప్ప మిగతా అన్నిటికీ కీమో మందు పెట్టి చూపించాలి. ఎనిమిదింటికి మహీన్ ఇంక్యుబేటర్ తెరిస్తే కణాలు పాడైపోయి ఉన్నాయి."

"రెండోసారి ఆ ఫలితం రాదని తెలుసు కాబట్టే పాడుచేసింది," అన్నాడు శివరామకృష్ణ.

"అది మీ అనుమానం. మహీన్, నువ్వు చెప్పు. కణాలు చచ్చిపోయాయని చూశావు. ఎవరినీ పిలవలేదు. గబగబా ప్రతి ఫ్లాస్కులోంచి పైనున్న ద్రవం తీసి గొట్టాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టావు. అడుగున మిగిలిన కణాల మీద వాటిని అక్కడికక్కడే కరిగించేసే ద్రావకం పోశావు. సీఐ గారు దీన్ని సాక్ష్యం చెరపడం అంటున్నారు."

"చచ్చిపోతున్న మనిషి దగ్గర ఏం చేస్తారు మేడమ్ మీరు?" మహీన్ తల పైకెత్తింది. "వాంగ్మూలం తీసుకుంటారు కదా. నేనూ అదే చేశాను. కొన్ని ఇంకా పూర్తిగా చావలేదు. ఆ ద్రావకం పోస్తే ఆ క్షణంలో ఏయే జీన్లు మేలుకుని ఉన్నాయో అవి అలాగే నిలిచిపోతాయి. గంట ఆగి ఉంటే అదీ దక్కేది కాదు. సగం సగం పంచి, కమిటీ నియమం ప్రకారం ఒక సగాన్ని యూనివర్సిటీ ల్యాబుకి ఆటోలో పంపేశాను. సార్ వచ్చేసరికి ఆటో వెళ్లిపోయింది."

"కణాలకి మరణ వాంగ్మూలమేటి!" సన్యాసిరాజు పగలబడి నవ్వాడు. "మరి మెజిస్ట్రేటుగారిని కూడా పిలవకపోయావా?"

"ఆ వాంగ్మూలం ఈ పొద్దున నాకందింది," అంది గంగాభవాని. "నవ్వు అయ్యాక వింటారా?"

అతను నవ్వు ఆపాడు గానీ, చెవి ఒగ్గినట్టు కనబడకూడదని ఫోను తీసి చూడసాగాడు.

"సీఐ గారూ, మీది ఓడరేవు ఊరు. తుప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పెరాక్సైడ్ కణానికి చేసేది దాదాపు అదే, కాకపోతే నిమిషాల్లో. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. కణం ఊరికే పడి ఉండదు. దానిలో కాపలా ప్రోటీను ఒకటి ఉంటుంది. మామూలప్పుడు మరో ప్రోటీను దాని భుజం పట్టుకుని కూర్చోబెడుతుంది. మంట తగలగానే ఆ పట్టు సడలుతుంది. కాపలాది డీఎన్‌ఏ దగ్గరికి వెళ్లి రక్షణ జీన్లను నిద్రలేపుతుంది. అన్నీ ఒక్కసారి లేవవు. కొన్ని జీన్లు అరగంటలో కేకపెట్టి ఊరుకుంటాయి. మరికొన్ని ఏడెనిమిది గంటల్లో పైకెగసి మర్నాటికి దిగిపోతాయి. ఇంకొన్ని బాగా ఆలస్యంగా లేస్తాయి. ఏవి లేచాయి, ఏవి లేవలేదు అని చూస్తే దెబ్బ తగిలి ఎంతసేపయిందో అంచనా కట్టవచ్చు."

"శవం బిగుసుకుపోడం సూసి టైము సెప్పినట్టన్నమాట." అనేశాక గానీ తాను వింటున్న సంగతి బయటపడిందని సన్యాసిరాజుకి తోచలేదు.

"సరిగ్గా అంతే. ఈ కణాల్లో తొలి కేక పెట్టే జీన్లు అప్పటికే సద్దుమణిగాయి. రక్షణ జీన్లు సగం ఎక్కి ఉన్నాయి. ఆలస్యపు జీన్లు ఇంకా కదల్లేదు. అంటే ఎనిమిదింటికి ముందు మూడు నాలుగు గంటలు. ఇది చేతి గడియారంలా నిమిషం చెప్పదు. కానీ ఆదివారం సాయంత్రం కాదని మాత్రం ఖాయంగా చెబుతుంది. ఆరింటికి మహీన్ వచ్చింది, ఏడింటికల్లా అక్కయ్యపాలెంలో పెళ్లి విందులో ఉంది. రాత్రి ఇంటిల్లిపాదితో పడుకుని పొద్దున్నే తండ్రి బండి మీద ఇక్కడికొచ్చింది."

"తెల్లారుజామున ఎవల కార్డూ తలుపు తియ్యలేదు. నాను సూసినాను," అన్నాడు సన్యాసిరాజు. "గాల్లోంచి దిగినాడేటి నీ మనిషి?"

గంగాభవాని గడప వైపు తిరిగింది. "దాలయ్యా, ఈ భవనానికి కార్డు అక్కర్లేని తలుపు ఉందా?"

దాలయ్య డైరెక్టర్ ముఖం చూశాడు, సీఐ ముఖం చూశాడు, చివరికి నేల చూశాడు. "జెనరేటరు గది కాడ ఒకటుందండి. మామూలు తాళం. నా కాడ లేదండి బాబూ, సారు కాడే ఉంతాది."

"నేను ఆదివారమంతా రాజమండ్రిలో ఉన్నాను," అన్నాడు శివరామకృష్ణ. గొంతులో తొణుకు లేదు. "సోమవారం పొద్దున్నే కారులో బయల్దేరి తొమ్మిదింటికి నేరుగా ఇక్కడికే వచ్చాను. రాజుగారూ, ఇది ఎంతసేపు? రేపు మీ అక్కగారికి కీమో ఉందన్నారు కదా. ఆస్పత్రిలో మాట్లాడిపెడతానన్నాను, మరిచిపోలేదు."

సన్యాసిరాజు వెంటనే లేచి నిలబడ్డాడు. "సాలు మేడమ్. సారు దేవుడిలాంటి మనిషి. ఆడపిల్ల కదా అని కేసు లేకుండా సేత్తన్నారు. నువ్వొచ్చి మెలికలు పెడతన్నావు."

"ఫ్రీజర్ చూడకుండా నేను కదలను."

"దానికి నాను సీలేసినాను!"

"మీరే తీయండి, మీ ఎదురుగానే చూస్తాను, మళ్లీ మీరే వేయండి. లేదంటే రాసివ్వండి. డిటెక్టివ్ అడిగితే చూపనన్నానని, తేదీ వేసి." ఆవిడ సంచిలోంచి కలం తీసి బల్ల మీద పెట్టింది. "కోర్టులో పనికొస్తుంది."

అతను ఆ కలాన్ని పామును చూసినట్టు చూసి, గొణుక్కుంటూ ముందు నడిచాడు. దాలయ్యతో సహా అందరూ వెనకే వెళ్లారు.

ప్రయోగశాలలో సీలు ఊడదీయగానే ఫ్రీజర్ చల్లదనం మొహాలకి కొట్టింది. లోపల ఒక స్టాండులో పన్నెండు గొట్టాలు, ఒక్కోదాని మీద మహీన్ రాసిన అంకె. ద్రవం గులాబీ రంగు మంచుగా బిగిసి ఉంది. గంగాభవాని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గొట్టాల ఒంటి మీది కొలత గీతలకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. ఒకటో గొట్టం దగ్గర చాలాసేపు ఆగింది. మిగతా పదకొండింటి మీదుగా వేలు గాల్లోనే నడిపింది. తర్వాత ఏమీ అనకుండా తలుపు మూసి, "సీలు వేసుకోండి," అంది.

"ఏటి దొరికింది?"

"చలి."

ఆవిడ పక్క బల్ల మీద పన్నెండు ఖాళీ ఫ్లాస్కులు వరసగా పెట్టించింది. రెండు బీకర్లలో నీళ్లు పోయించి, ఒకదాంట్లో నాలుగు చుక్కల ఎర్రసిరా వేసింది.

"డాక్టర్ గారూ, మహీన్ ఈ పని ఎలా చేసి ఉంటుందంటారు? ఎర్రనీళ్లు పెరాక్సైడ్ అనుకోండి. ఫ్లాస్కుల్లో కణాలున్నాయనుకోండి. ఒకటో నంబరు ఏ మందూ తగలని మామూలు ఫ్లాస్కు. నాకు నెత్తురు తెలుసు గానీ ఈ పని తెలియదు. ఒక్కసారి చేసి చూపిస్తే సీఐ గారికీ నాకూ బోధపడుతుంది."

శివరామకృష్ణ విసుగ్గా నవ్వాడు. అయినా పిపెట్ చేతిలోకి రాగానే మనిషి మారిపోయాడు. భుజాలు దిగాయి, మణికట్టు తేలికపడింది. ముప్పై ఏళ్ల చేతి ఒడుపు అది, చూడముచ్చటగా ఉంది. ముందుగా ఒకటో ఫ్లాస్కును వేలి కొనతో ఎడమ పక్కకి, వరసకి దూరంగా జరిపాడు. దాని మూత బిగించాడు. మిగతా పదకొండింటి మూతలు సడలించి, ఒక్కొక్కదానిలో సమానంగా ఎర్రనీళ్లు వదిలాడు. పిపెట్ కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"ఇంతే. రెండు నిమిషాల పని."

"ఆ పక్కకి పెట్టినది?"

"అది కంట్రోల్, మిగతావాటిని పోల్చి చూసుకునేది. దాన్ని ఎవరూ తాకరు." ఆ ప్రశ్న అడిగినందుకే జాలిపడినట్టున్నాడు.

"మహీన్, ఇప్పుడు నువ్వు."

మహీన్ కొత్తగా మరో పన్నెండు పెట్టుకుంది. పదకొండింటిలో ఎర్రనీళ్లు పోసింది. తర్వాత పిపెట్ కొన మార్చి, రెండో బీకరులోని మామూలు నీళ్లు అంతే కొలత తీసి, ఒకటో ఫ్లాస్కులో కూడా పోసింది.

"అందులో విషం లేదు కదమ్మా. నీళ్లెందుకు?" అనడిగింది గంగాభవాని.

"పదకొండింటిలో ద్రవం పెరిగింది కదా మేడమ్. కేవలం పలచబడ్డం వల్లే కణాలు పాడయ్యాయని రేపెవరైనా అంటే? అందుకే ఏమీ పెట్టని దానికి కూడా వట్టి ద్రావణం అంతే పోయాలి. నాను ఇది లేకుండా ఒక్క ప్రయోగమూ చెయ్యలేదు. సార్ సెమినార్లో అందరి ముందూ నవ్వారు కూడా, 'నీళ్లకి కూడా లెక్కలు కడుతుంది మా మహీన్' అని."

సన్యాసిరాజు రెండు వరసల్లోని ఒకటో ఫ్లాస్కులనూ మార్చి మార్చి చూశాడు.

"సీఐ గారూ," అంది గంగాభవాని, "మీరు సీలు వేసిన ఫ్రీజర్లో పదకొండు గొట్టాల్లో ద్రవం ఒకే మట్టాన ఉంది. ఒకటో గొట్టంలో ఒక గీత తక్కువ. సోమవారం తెల్లవారుజామున ఎవరో పదకొండు ఫ్లాస్కుల్లో పెరాక్సైడ్ పోసి, ఒకదాన్ని మాత్రం తాకకుండా వదిలేశారు. కసితో చేసేవాడు పన్నెండూ తగలబెడతాడు. మహీన్ చేసి ఉంటే పన్నెండూ ఒకే మట్టాన ఉండాలి. నాశనం చేయడానికి వచ్చి కూడా కంట్రోల్‌ను తాకలేకపోయిన చెయ్యి ఎవరిదో ఇప్పుడే మీ కళ్లెదుట చూశారు."

"అలవాటు నేరానికి రుజువా?" శివరామకృష్ణ గొంతు మొదటిసారి పదునెక్కింది. "ఈ దేశంలో సగంమంది శాస్త్రవేత్తలు ఇలాగే చేస్తారు!"

"నిజమే. రుజువు కాదు. కానీ వాళ్లలో జెనరేటరు గది తాళంచెవి ఉన్నవాళ్లు ఎందరు?"

సన్యాసిరాజు బల్ల మీదికి వంగాడు. అతని కళ్లు పక్కకి జరిపిన ఫ్లాస్కు మీదే ఉన్నాయి.

"ఇంకో ముక్క ఉంది, అది చెప్పాల్సింది నేను కాదు," అని గంగాభవాని సంచిలోంచి యూనివర్సిటీ నివేదిక తీసి మహీన్ చేతికిచ్చింది. "రెండో పేజీ. బతికిన కణాలు, మిగిలిన జీన్ల జాడని బట్టి కట్టిన లెక్క."

మహీన్ చదివింది. చదువుతూ ఒకసారి ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఆమె ముఖంలో ఏడుపో నవ్వో తెలియని కదలిక ఒకటి వచ్చి నిలిచింది.

"సార్," అంది డైరెక్టర్ వైపు తిరిగి, "మీరు విషం పోసిన పదకొండింట్లో ఐదింటికి టానిక్ లేదు. వాటిలో కణాలు దాదాపు అన్నీ పోయాయి. ఆరింటికి టానిక్ ఉంది. వాటిలో చాలామటుకు బతికున్నాయి. అదే విషం, అదే కొలత, అదే వేళ. పక్కన ముట్టుకోని కంట్రోల్ కూడా పెట్టారు. నా ప్రయోగం మీరే పూర్తి చేశారు సార్. నాకంటే శుభ్రంగా చేశారు, ఒక్క గీత తప్ప."

శివరామకృష్ణ నివేదిక కోసం చెయ్యి చాచాడు; మహీన్ దాన్ని వెనక్కి తీసుకుంది.

"నాకు అర్థమయ్యేలాగ సెప్పు పాపా," అన్నాడు సన్యాసిరాజు. ఈసారి ఆ గొంతులో పోలీసు లేడు.

"మాది వన్ టౌన్లో రంగుల కొట్టు సార్. పడవలోళ్లు వచ్చి మా అబ్బా దగ్గర రెడ్ ఆక్సైడ్ కొనుక్కెళ్తారు. ఇనుముకి ముందే అది పూసేస్తే ఉప్పుగాలి ఏమీ చెయ్యలేదు. కీమో మందుల్లో చాలావాటికి కేన్సర్ కణాన్ని లోపల్నుంచి తుప్పు పట్టించడమే సగం బలం. ఈ టానిక్ ముందుగానే వెళ్లి రక్షణ జీన్లను లేపి కూర్చోబెడుతుంది. కణానికి రంగు పూసేస్తుంది. తర్వాత మందు వెళ్లినా పట్టదు. ఒంట్లో కూడా అచ్చం ఇలాగే అవుతాదని నాను ప్రమాణం చెయ్యను. అవ్వదని తేలేదాకా ఒక్క పేషెంటుకి కూడా ఇవ్వకూడదు. నాను అడిగింది అంతే."

"ఇంకా ఎవులికీ ఇవ్వలేదు కదా? కమిటీ ఒప్పుకున్నాకే కదా?" మహీన్ని అడుగుతూనే అతను శివరామకృష్ణ వైపు తిరిగాడు. "సారూ. మా అక్కకి బలానికని మీరిచ్చిన సీసా. దాని మీద పేరు లేదు. చీటీ లేదు. వాడతన్నాది మూడు వారాల్నుంచీ."

శివరామకృష్ణ బల్ల మీది పిపెట్ తీసి స్టాండుకి తగిలించాడు.

"అది ఇదేనేటి?"

శివరామకృష్ణ కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. "మంచికే ఇచ్చాను. బలం వచ్చిందని మీరే అన్నారు."

గంగాభవానికి అంతవరకూ తెలియని సంగతి అది. డైరెక్టర్ ఎందుకంత తొందరగా సంతకం కోరాడో, అతని మాట సీఐకి ఎందుకు వేదమయిందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ మెల్లగా అడిగింది. "డాక్టర్ గారూ, ఆ సీసా ఒక్కటేనా?"

అతను ముఖం ఇటు తిప్పకుండానే అన్నాడు. "అడిగినవాళ్లందరికీ ఇచ్చాను. కమిటీ ఎలాగూ ఒప్పుకుంటుందనుకున్నాను."

సన్యాసిరాజు అప్పటికే ఫోను చెవికి ఆనించాడు. "అక్కా. నానే. ఆ సీసాలో మందు ఈయాల తాగీసినావేటి?... తాగొద్దు. ఇంక తాగొద్దు. పారబొయ్యకు, దాసి ఉంచు, నాను వొచ్చి అట్టుకెళ్తాను. రేపు మీ డాక్టరుకి నాను సెప్తాను అంతా... లేదే, ఏటీ అవ్వలేదు. నువ్వు కంగారు పడకు." ఫోను దించాక రాఖీ ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గడప వైపు కేకేశాడు. "దాలయ్యా! గేటు ముయ్యి. సారు కారు బైటికెల్లకూడదు. రాజమండ్రి రోడ్డులో అగనంపూడి టోల్‌గేటు కెమెరాలో సోమవారం ఆ కారు ఎప్పుడు దాటిందో నాను సూసీదాకా."

"రాజుగారూ, మీరు తొందరపడుతున్నారు," అన్నాడు శివరామకృష్ణ. "ఈ కంపెనీ వెనక ఎవరున్నారో మీకు తెలియదు. ఆ కాగితం మీద సంతకం లేకుండా మధ్యాహ్నం దాటితే ఈ గదిలో ఎవరి ఉద్యోగమూ మిగలదు."

"సంతకమే కదా కావాలి?" అంది మహీన్.

ఆమె అందరికంటే ముందుగా డైరెక్టర్ గదిలోకి తిరిగి నడిచి, టైపు చేసిన కాగితాన్ని బోర్లా తిప్పింది. తెల్లటి వెనకవైపు, నిలబడే రాయడం మొదలుపెట్టింది. ఫ్లాస్కులు పన్నెండు. పెరాక్సైడ్ పడినవి పదకొండు. టానిక్ ఉన్నవాటిలో బతికినవెన్ని, లేనివాటిలో ఎన్ని. ఒకటో గొట్టంలో మట్టం ఒక గీత తక్కువ. నా ఫలితాలను నేను వెనక్కి తీసుకోవడం లేదు. చివరి వాక్యం కింద గట్టిగా ఒక గీత కొట్టి, 'మహీన్, నజీర్ కుమార్తె' అని సంతకం పెట్టింది. గంగాభవాని రెండుసార్లు చదివి సాక్షిగా చేవ్రాలు చేసింది.

సన్యాసిరాజు కలం అందుకున్నాడు. రాసే ముందు ఒక్క క్షణం ఆగి మహీన్ వైపు చూశాడు. "పాపా, ఇది కమిటీ ముందు నువ్వే సదవాలి. నా జీపులో ఎల్దాం. దారిలో ఎవుడైనా అడ్డమొస్తే నాను సూసుకుంటాను."

"నాను ఎవరికీ భయపడట్లేదు సార్."

"తెలిసింది. నాకే కాస్త భయంగా ఉంది."

అందుకున్నానని రాసి, వేళ వేసి, పేరు పూర్తిగా సంతకం చేశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. చేతిలోని ఫైలు వైపు ఒకసారి చూసి, ఎవరైనా మాయం చేయగల అందులో పెట్టకుండా, కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.